తుపాకి – స్వేచ్ఛ – ఇంటి గడప
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించి, వైద్య ఖర్చుల రీయింబర్సుమెంటు గురించి నాకంటే బాగా తెలిసినవారు మాట్లాడారు. కార్యదర్శిగారు నన్ను "మీకిష్టమైన విషయం మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అన్నారు. నాకిష్టమైన విషయం కాదు గాని, నన్ను చాలా ఏళ్ళుగా వదలని విషయం ఒకటుంది. అది తుపాకి లైసెన్సు. పెన్షనర్ల సభలో తుపాకి ఏమిటని కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. కాని ఈ హాల్లో లైసెన్సు తుపాకి ఉన్నవారు కనీసం నలుగురైదుగురు ఉంటారని నాకు తెలుసు. వారిలో ఇద్దరి ఫైళ్ళు నేనే పెట్టాను.

నేను కలెక్టరు కార్యాలయంలో మెజిస్టీరియల్ సెక్షన్‌లో చాలా కాలం పనిచేశాను. ఏ జిల్లా అన్నది చెప్పను. దరఖాస్తు వస్తే పోలీసు రిపోర్టు తెప్పించటం, తహశీల్దారు విచారణ జతచెయ్యటం, నోటు రాసి పైకి పంపటం నా పని. 1959 ఆయుధాల చట్టం నాకు దాదాపు కంఠతా వచ్చేది. 13వ సెక్షన్ లైసెన్సు ఇవ్వటం గురించి, 14వది నిరాకరించటం గురించి, 17వది రద్దు గురించి, 18వది అప్పీలు గురించి. ఈ వయసులో మనవళ్ళ పుట్టినరోజులు మరచిపోతున్నాను గాని ఆ సెక్షన్లు మరవలేదు.

ముందు చరిత్ర రెండు మాటల్లో మనవి చేస్తాను. 1857 తిరుగుబాటు తర్వాత తెల్లదొరలకు మన చేతిలో ఆయుధం అంటే భయం పట్టుకుంది. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉండగా ఆయుధాల చట్టం తెచ్చారు. భారతీయుడికి లైసెన్సు కావాలి, తెల్లవాడికి మినహాయింపు. ఈ అవమానం మన పెద్దలను చాలా కాలం బాధించింది. 1918లో సైన్యంలో చేరమని గుజరాత్ పల్లెల్లో తిరుగుతున్నప్పుడు గాంధీజీ కూడా ఒక జాతి మొత్తాన్ని నిరాయుధం చేసిన ఆ చట్టాన్ని గట్టిగా ఖండించారు. అహింసామూర్తి అన్న మాటగా అమెరికాలో తుపాకి పక్షంవారు దీన్ని తరచు వాడుకుంటారు గాని, సందర్భం మాత్రం చెప్పరు. ఇక మన మన్యం సంగతి మీకు తెలిసిందే. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులు దాడి చేసి తీసుకెళ్ళింది డబ్బు కాదు, తుపాకులు. ఆ రోజుల్లో తుపాకి, స్వేచ్ఛ ఒకే మాటగా వినిపించేవి.

అందుకే 1931 కరాచీ కాంగ్రెసు ప్రాథమిక హక్కుల తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కూడా చేర్చారు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ మాట గుర్తుచేసి, ఈ హక్కును రాజ్యాంగంలో పెట్టాలని సవరణ తెచ్చారు. డాక్టర్ అంబేద్కర్ ఒప్పుకోలేదు. ఆనాటి తీర్మానం పరాయి ప్రభుత్వం చేసిన చట్టానికి జవాబు. ఇప్పుడు ప్రభుత్వం మనది. ఎవరికి తోచిన ఆయుధం వారు బజారులో కొనుక్కుంటే పరిపాలన ఎలా సాగుతుంది అన్నది ఆయన వాదన. సవరణ వీగిపోయింది. చివరకు రాజ్యాంగం 19వ అధికరణంలో మనకు మిగిలింది ఏమిటంటే, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే స్వేచ్ఛ. మనం ఇప్పుడు కూర్చున్నామే, ఇది. 2023లో సుప్రీంకోర్టు కూడా, అమెరికాలోలాగా మన దేశంలో ఆయుధం ధరించటం ప్రాథమిక హక్కు కాదని మరోసారి గుర్తుచేసింది.

అలాగని మన చట్టం సామాన్యుడికి తలుపు మూసెయ్యలేదు. 13వ సెక్షన్ ప్రకారం, ఆత్మరక్షణకో వేటకో సాధారణ గొట్టం తుపాకి, నిజమైన పంట రక్షణకు మందు కూరే నాటు తుపాకి అడిగితే, తగిన అభ్యంతరం లేనప్పుడు ఇవ్వాల్సిందే. 14వ సెక్షన్‌లో ఇంకో మంచి మాట ఉంది. దరఖాస్తుదారుకు ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సు నిరాకరించకూడదు. ఆ వాక్యమంటే నాకు ఎంతో గౌరవం. జమీందారుకు ఒక న్యాయం, కూలీకి ఒక న్యాయం లేదని చట్టమే చెప్పింది గదా అని.

ఇక అసలు సంగతి. 1995లో అడవి అంచు పల్లె నుంచి ఒక వేరుశనగ రైతు పంట రక్షణకు తుపాకి కావాలని దరఖాస్తు పెట్టాడు. అడవి పందుల బాధ. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అనుమతి లేకుండా పందిని చంపకూడదు గాని, పేల్చి బెదరగొట్టవచ్చు. పోలీసు రిపోర్టులో కేసులేమీ లేవని రాస్తూనే, చివర "ఆస్తి స్వల్పం, అప్పులు కలవు, సిఫారసు చేయుటలేదు" అన్నారు. నాకు కోపం వచ్చింది. అదే ఊళ్ళో పెద్ద రైతుకు ఇదివరకే డబుల్ బ్యారెల్ ఉంది. ఆయన పొలాన్ని పందులు గౌరవిస్తాయి, ఇతని పొలాన్ని తింటాయి! పూర్తి పేజీ నోటు రాశాను. 14వ సెక్షన్ రెండో ఉపవిభాగం ఉటంకించాను. లైసెన్సు వచ్చింది. పైఅధికారి పిలిచి, నోటు బాగుందన్నారు. ఆ రైతు వచ్చి దణ్ణం పెడితే, నాకు కాదయ్యా, చట్టానికి పెట్టు అన్నాను. ఆ మాట అన్నందుకు ఆ రోజు చాలా గర్వపడ్డాను.

రెండేళ్ళు తిరిగేసరికి వరసగా పంట పోయింది. ఒక రాత్రి అతను ఆ తుపాకినే తన మీద వాడుకున్నాడు.

కొన్ని వారాల తర్వాత అతని భార్య లైసెన్సు పుస్తకం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. స్టేషన్‌లో తీసుకోలేదో, ఎవరో ఇక్కడికి పంపారో తెలియదు. పుస్తకం నా బల్ల మీద పెట్టి ఏడవలేదు, తిట్టలేదు. ఒకే ఒక మాట అడిగింది. "సామీ, ఇది ఇయ్యాలంటే ఊళ్ళో పెద్దమనుషుల నడిగినారు, పోలీసోళ్ళ నడిగినారు. దాంతో ఒకే ఇంట్లో పండుకునేది నేను గదా. నన్ను ఒక్కమాట అడిగినారా?"

నేను ఫైలు తీసి చూశాను. నిజంగానే ఎక్కడా ఆవిడ లేదు. వి.ఎ.ఓ. వాంగ్మూలం ఉంది, ఇరుగుపొరుగు ఇద్దరి వాంగ్మూలాలున్నాయి, పొలం సరిహద్దులున్నాయి. ఆవిడ పేరు కూడా లేదు. అడిగి ఉంటే ఆమె ఏం చెప్పేదని నేను తర్వాత అడిగాను. "వద్దనేదాన్ని. ఆయన రాత్రిళ్ళు నిద్రపోయేటోడు కాదు" అంది.

సోదరులారా, నా నోటు తప్పని ఈనాటికీ అనుకోను. పేదవాడన్న కారణంతో నిరాకరించటం తప్పే. కాని నేను స్వేచ్ఛ అనుకున్నది ఒక మనిషి స్వేచ్ఛ. తుపాకి ఇంట్లోకి వచ్చాక ఆ కప్పు కింద ఉండే ప్రతి మనిషికీ దానితో సంబంధం ఏర్పడుతుంది. వారి స్వేచ్ఛ సంగతి ఏ కాలమ్‌లోనూ లేదు.

ఇది మన పల్లె సంగతే కాదు. తుపాకి అనగానే మనకు దొంగలు, హత్యలు గుర్తొస్తాయి. అమెరికాలో 2021లో తుపాకుల వల్ల చనిపోయినవారు 48,830 మంది. అందులో 26 వేల మందికి పైగా, అంటే సగాన్ని మించి, తమను తామే కాల్చుకున్నవారు. దొంగ కోసం కొన్నది ఎక్కువగా ఇంటివాడి మీదనే పేలుతున్నదన్నమాట. నిద్రపట్టని ఒక రాత్రి తెల్లవారేదాకా గడిస్తే మనిషి మనసు మారవచ్చు. తుపాకి అంతసేపు ఆగదు.

మా పెద్దమ్మాయి టెక్సాస్‌లో ఉంటుంది. అక్కడ 2021 నుంచి ఇరవై ఒక్కేళ్ళు నిండిన అర్హులు పర్మిట్ లేకుండానే పిస్తోలు వెంట పెట్టుకుని తిరగవచ్చు. ఆ దేశ రాజ్యాంగంలో 1791లోనే రెండో సవరణగా ఆయుధ హక్కు చేర్చారు. అది వ్యక్తికి ఉన్న హక్కేనని 2008లో వారి సుప్రీంకోర్టు తేల్చింది. దానికి హద్దులుండవచ్చునని కూడా అదే కోర్టు అన్నది. 2024లో, ఇంట్లోవారిని హింసిస్తాడని కోర్టు ఆంక్ష పెట్టిన మనిషి దగ్గర తుపాకి ఉండకూడదన్న చట్టాన్ని సమర్థించింది. ప్రపంచంలోకెల్లా తుపాకి స్వేచ్ఛ ఎక్కువున్న దేశం కూడా చివరకు ఇంటి గడప దగ్గరే ఆగి ఆలోచించిందని గమనించండి.

క్రిందటిసారి వెళ్ళినప్పుడు ఏడేళ్ళ మనవడు నాకో ఆట చూపించాడు. లైటు తీసేసి, బీరువా పక్కన మూలకు చేరి, నోటి మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. ఏమిట్రా ఇది అంటే, బడిలో నేర్పారట, తుపాకివాడు వస్తే ఇలా కూర్చోవాలట. మా చిన్నప్పుడు బడిలో ఎక్కాలు నేర్చుకున్నాం. ఆ రాత్రే అల్లుడు తను పిస్తోలు కొన్నట్టు చెప్పాడు. "మామయ్యగారూ, పోలీసులు వచ్చేదాకా మనల్ని ఎవరు కాపాడతారు? 2017లో కాన్సాస్‌లో మన హైదరాబాదు ఇంజనీరును బార్‌లో కాల్చేశారు. 2023లో ఇక్కడే ఆలెన్‌లో షాపింగ్ మాల్‌లో ఎనిమిది మందిని చంపితే అందులో మన తెలుగమ్మాయి ఉంది. నేను చేతులు కట్టుకుని కూర్చోవాలా?" అన్నాడు. అతని భయం అబద్ధం కాదు. దానికి జవాబు నా దగ్గర లేదు. అందుకని ఒకటే అడిగాను. "బాబూ, అమ్మాయిని అడిగే కొన్నావా?" అతను మాట్లాడలేదు. మా అమ్మాయి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వేరే దేశాలు ఏం చేశాయో కూడా చూద్దాం. 1996 మార్చిలో స్కాట్లండ్‌లో డన్‌బ్లేన్ బడిలో పదహారు మంది పసివాళ్ళను, వాళ్ళ పంతులమ్మను ఒకడు కాల్చేశాడు. మరుసటి ఏడు బ్రిటన్ పిస్తోళ్ళను నిషేధించింది. అదే 1996 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియా పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది చనిపోయారు. అక్కడి ప్రధాని జాన్ హోవర్డ్ సంప్రదాయవాది, ఆయన ఓటర్లలోనే తుపాకులున్న రైతులెక్కువ. అయినా ప్రభుత్వమే డబ్బిచ్చి సుమారు ఆరున్నర లక్షల తుపాకులు వెనక్కు తీసుకుంది. 2019లో న్యూజీలాండ్ క్రైస్ట్‌చర్చ్ మసీదుల్లో 51 మంది ప్రాణాలు పోయాయి, వారిలో హైదరాబాదు నుంచి వెళ్ళినవారూ ఉన్నారు. నెల తిరగకుండా వారి పార్లమెంటు 119 అనుకూల ఓట్లతో, ఒకే ఒక్క వ్యతిరేక ఓటుతో సైనిక తరహా తుపాకులను నిషేధించింది. ఆ దేశాల్లో స్వేచ్ఛ చచ్చిపోయిందని ఎవరూ అనలేరు. కెనడాలో ఇంకో పద్ధతి ఉంది. లైసెన్సు దరఖాస్తులో భార్యో భర్తో సంతకం పెట్టటానికి చోటుంటుంది. సంతకం లేకపోతే అధికారులే వారికి తెలియజేస్తారు. ఇది మొదటిసారి చదివిన రోజున ఆ పల్లె ఇల్లాలు కళ్ళముందు నిలిచింది. ఆవిడ అడిగిన ప్రశ్నే అక్కడ కాగితం మీదికి ఎక్కింది.

మన దగ్గర కూడా మార్పులు వచ్చాయి. 2016 నిబంధనల్లో డాక్టరు సర్టిఫికెట్టు, శిక్షణ, భద్రంగా దాచే ఏర్పాటు కోరుతున్నారు. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకులుండే చోట రెండే అన్నారు. సంతోషం. కాని లైసెన్సుదారు పోతే తుపాకి వారసుడికి మారేటప్పుడు మిగిలిన వారసుల నో అబ్జెక్షన్ అడుగుతారు. ఆస్తిలో వాటా గురించి అడిగినట్టే, ప్రాణం గురించి కూడా ముందే అడిగితే బాగుంటుంది గదా!

ఒక మాట న్యాయంగా చెప్పాలి. మనలో మాజీ సైనికులున్నారు. రిటైరయ్యాక సొంత తుపాకి, లైసెన్సు చూపించి బ్యాంకు గార్డు ఉద్యోగం తెచ్చుకున్నవారున్నారు. వారికది హోదా కాదు, తిండి. వారి మీద నాకేమీ అభ్యంతరం లేదు. నేను మాట్లాడేది బీరువా పైన గోనెసంచిలో చుట్టి పెట్టిన తుపాకి గురించి. తాత హయాంలోదనో, ఊళ్ళో గౌరవమనో ఉంచుకున్నదాని గురించి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించి, మళ్ళీ తెచ్చుకునేదాని గురించి. అది లేకుండా ఎన్నికల కాలమంతా గడిపాం, ఏ దొంగా రాలేదు. మన చేతులు వణుకుతున్నాయి, చూపు తగ్గింది, కొందరికి నిద్ర లేదు, కొందరం ఒంటరిగా ఉన్నాం. ఇది సిగ్గుపడాల్సిన సంగతి కాదు, గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

అందుకని రెండు మనవులు. ఒకటి, ఇంట్లో తుపాకి ఉన్నవారు ఈ రాత్రి భోజనాల దగ్గర ఇంటివారిని అడగండి, ఇది ఉండాలా అని. వాళ్ళ జవాబు కంటే ముందు వాళ్ళ ముఖం చూడండి. వద్దంటే పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో జమచెయ్యటానికి చట్టంలో వీలుంది. దరఖాస్తు రాయటం రాకపోతే నేను రాసిపెడతాను, ఆ చెయ్యి ఇంకా పోలేదు. రెండోది, లైసెన్సు విచారణలో ఇంట్లో ఉండే పెద్దవారి వాంగ్మూలం కూడా తీసుకోవాలని మన సంఘం తరఫున ప్రభుత్వానికి ఒక విజ్ఞప్తి పంపుదాం. ముసాయిదా తెచ్చాను, అధ్యక్షులవారికి ఇస్తున్నాను.

మా అల్లుడు క్రిందటి నెల ఫోను చేశాడు. పిస్తోలు అమ్మలేదు. ఇనప పెట్టె కొని అందులో పెట్టాడట, దాని నంబరు తను మార్చి మార్చి పెట్టుకోకుండా మా అమ్మాయినే పెట్టమన్నాడట. అంతవరకే. నేనేమీ అనలేదు. అడిగాడు గదా, అది చాలనుకున్నాను.