షల్, షుడ్, ఒక స్లాబు



తొమ్మిదో తరగతిలో మన ఇంగ్లీషు మాస్టారు బోర్డు మీద రాసిన సూత్రం గుర్తుందా? ఐ, వుయ్ పక్కన షల్. మిగతావాటి పక్కన విల్. తారుమారు చేస్తే అది ఆజ్ఞ. బట్టీపట్టాను, మార్కులు తెచ్చుకున్నాను, మరచిపోయాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక భవనానికి కాంట్రాక్టు నిబంధనలు నన్ను రాయమన్నారు. కాంక్రీటును 7 రోజులు తడిపి ఉంచాలి అనుకుని, ‘షుడ్ బి క్యూర్డ్’ అని రాశాను. మనకు సలహాకైనా శాసనానికైనా ‘ఉంచాలి’ ఒక్కటే కదా! మండువేసవి. కాంట్రాక్టరు 3 రోజులకే నీళ్లు ఆపేశాడు. స్లాబంతా సన్నటి పగుళ్లు. నిలదీస్తే నా కాగితమే నాకు చూపించాడు.

“షుడ్ అంటే సలహా సార్. షల్ అని మీరు రాయలేదుగా?”

మరమ్మతు ఖర్చు ఆఫీసు మీద పడింది. నాకు మెమో వచ్చింది.

ఆ రాత్రి ఐఎస్ 456 తీసి చూశాను. క్యూరింగ్ దగ్గర ‘షల్’ అనే ఉంది. కాంక్రీటు ఐ కాదు, వుయ్ కాదు, థర్డ్ పర్సన్. పక్కన షల్ వస్తే ఆజ్ఞే. మాస్టారు చెప్పిందే!

‘మే’ అన్నా నాకు భయమే. ‘రావచ్చు’ అంటే అనుమతా, అనుమానమా?

మాస్టారూ, ముందు వరసలోనే ఉన్నారు కాబట్టి చెబుతున్నాను. కొత్తగా చేరిన పిల్లల చిత్తుప్రతుల్లో ప్రతి షుడ్ కిందా ఇప్పుడు నేను ఎర్రగీత పెడుతున్నాను. పిలిచి, “ఇది సలహానా, ఆజ్ఞా?” అని అడుగుతున్నాను.