ప్రోగ్రామింగు విద్యకు తొలిమెట్టు ఏది?
(వార్షిక మహాసభలో చేసిన ఉపన్యాసము)



మన విద్యానిధి సాయముతో చదువుకొను బాలబాలికలకు వేసవిలో ప్రోగ్రామింగు తరగతులు నడుపవలయునని కార్యవర్గము తలపెట్టినది. ఏ భాషతో నారంభింపవలయునను విషయమున మాత్రము పెద్దలలో నేకాభిప్రాయము కుదురలేదు. సి భాషయే పునాది యని కొందఱు. పైథాన్‌తో మొదలిడినచో పిల్లలు బెదరరని మఱికొందఱు. దాతల కష్టార్జితముతో జరుగు పని గనుక నా యభిప్రాయమును విన్నవించుచున్నాను.

ఈ శాస్త్రమున భాషలను నిమ్నస్థాయి, ఉన్నతస్థాయి యని విభజింతురు. ఈ మాటలు విని మన సభలో నెవ్వరును కనుబొమలు ముడువ బనిలేదు. ఇది గౌరవమునకు సంబంధించిన తారతమ్యము కాదు. యంత్రమునకు దగ్గఱగా నున్నది నిమ్నము. మనుష్యుని యాలోచనకు దగ్గఱగా నున్నది ఉన్నతము. యంత్రము నంటిపెట్టుకొనియుండునది అసెంబ్లీ. 1970 తరువాతి తొలి సంవత్సరములలో బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ నిర్మించిన సి భాష నడిమెట్టు. 1991లో గీడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్ పైమెట్టు.

ఈ తగవు నేటిది కాదు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలయందు కెమెనీ, కర్ట్‌జ్ అను గణితాచార్యులు, విజ్ఞానశాస్త్రము చదువని విద్యార్థులకును కంప్యూటరు అందవలయునని బేసిక్ భాషను కల్పించిరి. 1975లో డైక్‌స్ట్రా యను డచ్చి పండితుడు దానితో మొదలిడినవారికి మంచి ప్రోగ్రామింగు నేర్పుట దాదాపు అసాధ్యమని గర్హించెను. ఆయన భయము భాష సులభమైనదని కాదు, తొలి యలవాట్లు చెడునని.

మన రాష్ట్రములలో పెక్కు ఇంజనీరింగు కళాశాలలు చాలకాలము సి భాషతోనే ఆరంభించినవి. అందు సంఖ్యను చదివించుటకు పేరుముందు ఆంపర్సండ్ గుర్తు నుంచవలయును. మఱచినచో ప్రోగ్రాము మధ్యలో కూలిపోవచ్చును, కారణము చెప్పదు. ఇంట ఇంజనీరైన అన్నగారున్న పిల్లవాడు ఆ రాత్రియే అడిగి తెలిసికొనును. ఇంట తానే మొదట చదువుకొనుచున్న పిల్ల యెవరిని అడుగును? ఈ విద్య తన తలకెక్కదని నిశ్చయించుకొని విడిచిపెట్టును. అట్టి పిల్లలకే గదా మన నిధి యేర్పడినది! కావున నా మతమున ఆరంభము పైథాన్‌తోనే జరుగవలయును. లెక్క యేమి, దానిని ఏయే మెట్లుగా విడదీయవలయును అను విచారమే తొలిపాఠము కావలెను.

అయితే అక్కడనే ఆగుటకు నేనంగీకరింపను. ఒక దృష్టాంతము వినుడు. 'లక్ష్మి' యను పేరులో మన కంటికి గనబడు అక్షరములు రెండు. పైథాన్‌ను అడిగిన, ఏడు అనును. సి భాషలో సాధారణరీతిని కొలిచిన 21 వచ్చును. మూడును నిజమే! ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి యని యూనికోడ్ ఆ పేరును ఏడు సంకేతములుగా దాచును. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు పట్టును. పైమెట్టుననే నిలిచినవానికి ఏడు ఎందుకు వచ్చెనో అంతుపట్టదు. ఓటర్ల పట్టికలోనో, బ్యాంకు పత్రములోనో పేరునకింత చోటని కొలత పెట్టువాడు ఈ సంగతి యెఱుగనిచో తెలుగు పేరు నడుమ తెగును. పేరు తెగినవారి కష్టము మీకు వివరింప నక్కఱలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ప్రసిద్ధ ప్రవేశపాఠ్యము స్క్రాచ్ అను బొమ్మల భాషతో మొదలై, వెంటనే సి భాషకు దిగి, పిమ్మట పైథాన్‌కు ఎక్కును. మనకంత వేగము వలదు. పది వారముల తరగతి యైనచో ఏడు వారములు పైథాన్ నేర్పి, ఎనిమిదవ వారమున ఈ లక్ష్మి ప్రశ్న వేసి, మిగిలిన దినములు సి భాషలో మెమరీ యెట్లుండునో చూపవలయునని నా సూచన. పదునైదు దినములలో అయిదు భాషలు నేర్పుదుమని చాటు శిక్షణాలయములకు మాత్రము నిధి సొమ్ము చెల్లింపవలదు.

పైథాన్, సి కంపైలరు రెండును ఉచితముగా లభించును. క్రొత్త యంత్రములును అక్కఱలేదు. మన దాతల కార్యాలయములలో మూలబడియున్న పాత కంప్యూటర్లను వేసవికి ముందే విద్యార్థి వసతిగృహమునకు పంపింపుడని ప్రార్థించుచున్నాను.