రాత్రి రైలు తొలిసారి ఎక్కేవారికి
(కాశేలిలోని తెలుగు కుటుంబాల కోసం సిద్ధం చేసిన ప్రసంగ పాఠం)



భారతదేశంలో తొలి ప్రయాణికుల రైలు 1853 ఏప్రిల్ 16న బొంబాయిలోని బోరీబందర్‌లో బయలుదేరి, 34 కిలోమీటర్లు నడిచి థానేలో ఆగింది. ఆ థానే కాశేలి వంతెనకు అవతలి వైపునే ఉన్నది. మరుసటి సంవత్సరం అదే దారి కల్యాణ్ వరకు సాగింది. దేశంలోకెల్లా పాతవైన ఈ రెండు స్టేషన్లకు ఇంత చేరువలో నివసిస్తూ కూడా, రాత్రి రైలులో బెర్తు మీద పడుకుని స్వగ్రామానికి వెళ్ళని తెలుగువారు కాశేలిలోను, భివండిలోను ఉన్నారు. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. సాంచాల పనికై కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలకు ప్రైవేటు బస్సులు అలవాటయ్యాయి. బస్సులో చదవవలసినది ఏమీ ఉండదు. పేరు చెబితే సీటు చూపుతారు, ఊరు రాగానే లేపుతారు.

కాని వృద్ధులకు, గర్భిణులకు, మోకాళ్ళ నొప్పులున్నవారికి, చంటిపిల్లల తల్లులకు రాత్రంతా కూర్చుని చేసే ప్రయాణం కష్టం. పడుకునే చోటు, మరుగుదొడ్డి ఉన్న రైలు వారికి ఎంతో మేలు. తొలిసారి వెళ్ళేవారు రైలును, జనాన్ని చూసి భయపడతారు. నిజానికి చిక్కులలో అధికభాగం రైలెక్కకముందే, టికెట్టు కాగితం మీదనే మొదలవుతాయి. టికెట్టు చదవడం వచ్చినవారికి సగం ప్రయాణం పూర్తయినట్లే.

ఏ రైలు, ఏ స్టేషను

ముంబయి నుంచి తెలంగాణకు రెండు ప్రధాన మార్గాలున్నాయి. మొదటిది నాసిక్, మన్మాడ్, ఛత్రపతి సంభాజీనగర్, నాందేడ్, బాసర, నిజామాబాద్, కామారెడ్డిల మీదుగా సికింద్రాబాద్ చేరే దారి. దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఈ దారిన నడుస్తుంది. ఒకప్పుడు మన్మాడ్ నుంచి సికింద్రాబాద్ దాకా మీటర్ గేజ్ పట్టాలుండేవి. అందువల్ల ముంబయి నుంచి వచ్చినవారు మన్మాడ్‌లో దిగి వేరొక బండి ఎక్కవలసి వచ్చేది. ఇప్పుడు ఆ అవసరం లేదు. రెండవది పుణె, సోలాపూర్, వాడి మీదుగా సాగే దారి. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఈ దారిన హైదరాబాద్ చేరుతుంది. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఇదే దారిన సికింద్రాబాద్ చేరి, అక్కడి నుంచి కాజీపేట, వరంగల్ వైపు సాగుతుంది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వెళ్ళేవారికి మొదటి దారి, వరంగల్ వైపు వారికి రెండవ దారి అనుకూలం. సిరిసిల్లవారు కామారెడ్డిలో, జగిత్యాలవారు నిజామాబాద్‌లో దిగి బస్సు పట్టుకోవచ్చు.

ముంబయి నుంచి రైలు అన్నంత మాత్రాన అన్నీ ఒకే చోట బయలుదేరవు. కొన్ని ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్‌లో, మరికొన్ని కుర్లా దగ్గరి లోకమాన్య తిలక్ టెర్మినస్‌లో బయలుదేరుతాయి. కాశేలివారికి థానే దగ్గర. భివండివారికి కల్యాణ్ అనుకూలం. అయితే ప్రతి రైలు ప్రతి స్టేషనులో ఆగదు. వేళలు కూడా మారుతుంటాయి. కనుక టికెట్టు కొనేముందు 139 నంబరుకు ఫోను చేసి విచారించడం మంచిది.

ఇక్కడే ఒక పెద్ద పొరపాటు జరుగుతుంది. ఏజెంటు ముంబయి నుంచి టికెట్టు తీస్తాడు. ప్రయాణికుడు కల్యాణ్‌లో ఎక్కుదామనుకుంటాడు. ముంబయిలో ఆ బెర్తు ఖాళీగా కనిపిస్తే, టీటీఈ దానిని నిరీక్షణలో ఉన్న మరొకరికి ఇవ్వవచ్చు. కల్యాణ్‌లో ఎక్కేసరికి డబ్బు చెల్లించిన బెర్తు మీద వేరొకరు పడుకుని ఉంటారు. దీనికి మందు సులభం: ఎక్కే స్టేషను పేరునే టికెట్టు మీద రాయించుకోవాలి. ముందే కొన్నవారు చార్టు తయారుకాకముందే ఎక్కే స్టేషనును మార్పించుకోవాలి. మార్చిన తరువాత పాత స్టేషనులో ఎక్కే హక్కు ఉండదు.

తేదీలోని మెలిక

తెలుగువారి పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. రైల్వేలో అర్ధరాత్రితో మొదలవుతుంది. ఎన్నో కుటుంబాలు రైలు తప్పిపోవడానికి ఈ ఒక్క భేదమే కారణం. టికెట్టు మీద 15వ తేదీ, 00.20 అని ఉన్నదనుకుందాం. అది 14వ తేదీ రాత్రి భోజనం ముగిసిన కొద్దిసేపటికి వచ్చే రైలు. 15వ తేదీ రాత్రి మూటాముల్లెతో స్టేషనుకు వెళ్ళినవారికి ఆ రైలు వెళ్ళిపోయి దాదాపు ఒక రోజు గడిచి ఉంటుంది. రైల్వే గడియారం 24 గంటలది. 12 దాటిన అంకె నుంచి 12 తీసివేస్తే ఇంటి గడియారపు వేళ వస్తుంది: 21.30 అంటే రాత్రి తొమ్మిదిన్నర.

స్థితి, పేరు

టికెట్టు చేతికి రాగానే బెర్తు వచ్చినట్లు కాదు. దాని మీద 10 అంకెల పీఎన్‌ఆర్ నంబరు ఉంటుంది. ఆ నంబరుతో సొంత ఫోనులోనే స్థితిని చూసుకోవచ్చు. ఏజెంటు మాట మీద ఆధారపడనక్కరలేదు. కన్ఫర్మ్ అని ఉంటే బెర్తు ఖాయం. ఆర్‌ఏసీ అని ఉంటే రైలెక్కవచ్చు గాని, పక్కవైపు కింది బెర్తును ఇద్దరు పంచుకుని కూర్చోవాలి. వెయిటింగ్ లిస్టు అని ఉంటే స్లీపర్, ఏసీ పెట్టెలలో ప్రయాణించడానికి వీలులేదు. 2025 మే 1 నుంచి ఈ నియమం గట్టిగా అమలవుతున్నది. ఆన్‌లైన్‌లో తీసిన వెయిటింగ్ టికెట్టు చార్టు తయారయ్యాక దానంతటదే రద్దయి డబ్బు తిరిగి వస్తుంది. కౌంటరులో కొన్నది అలా రద్దు కాదు. రైలు బయలుదేరడానికి అరగంట ముందులోగా దానిని రద్దు చేయించుకోవాలి.

టికెట్టు మీది పేరు, గుర్తింపు కార్డు మీది పేరు ఒక్కటిగా ఉండాలి. ఒకే టికెట్టు మీద ఐదుగురున్నా వారిలో ఒకరి దగ్గరైనా అసలు గుర్తింపు కార్డు ఉండి తీరాలి. వేరొకరి పేరు మీద సిద్ధంగా ఉన్న టికెట్టును ఎవరైనా అమ్మజూపితే కొనరాదు. అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేయడం 1989 రైల్వే చట్టం 143వ సెక్షను ప్రకారం నేరం. వ్యాపారి దొరికితే అతని టికెట్లు రద్దవుతాయి, నష్టపోయేది కొన్నవారే.

ప్రయాణపు రోజును మినహాయించి 60 రోజుల ముందు నుంచి రిజర్వేషను దొరుకుతుంది. 2024 నవంబరు 1కి ముందు ఈ గడువు 120 రోజులు. బతుకమ్మ, దసరా, సంక్రాంతి ప్రయాణాలకు మొదటి రోజే ప్రయత్నించడం మేలు. 5 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకు బెర్తు కోరితే పూర్తి చార్జీ, కోరకపోతే సగం చార్జీ. ఐదేళ్ళ లోపువారికి వేరే బెర్తు కోరకపోతే టికెట్టు అక్కరలేదు. 60 ఏళ్ళు నిండిన పురుషులకు, 45 ఏళ్ళు నిండిన స్త్రీలకు, గర్భిణులకు కింది బెర్తులు ప్రత్యేకంగా కేటాయించి ఉంటాయి. అందుచేత ఫారంలో వయస్సు సరిగా రాయాలి.

పెట్టె, బెర్తు

పెట్టె పేరులో ఎస్ అంటే స్లీపర్, బి అంటే మూడంతస్తుల ఏసీ, ఏ అంటే రెండంతస్తుల ఏసీ. ఏ పెట్టె ఎక్కడ ఆగుతుందో ప్లాట్‌ఫారం మీది బోర్డులు చూపుతాయి. దారి మధ్య స్టేషన్లలో రైలు ఆగేది కొద్ది నిమిషాలే. పెట్టె దూరంగా ఉన్నట్లయితే పిల్లలతో, మూటలతో పరుగెత్తనక్కరలేదు. దగ్గరలోని రిజర్వుడు పెట్టె ఎక్కి లోపలి దారిన నెమ్మదిగా నడిచి వెళ్ళవచ్చు. కదిలిన రైలును మాత్రం ఎన్నడూ ఎక్కరాదు. తప్పిన రైలు రేపు మళ్ళీ వస్తుంది.

స్లీపర్‌లోను, మూడంతస్తుల ఏసీలోను బెర్తు నంబరును 8తో భాగించి శేషం చూస్తే స్థానం తెలుస్తుంది. 1, 4 అయితే కింది బెర్తు; 2, 5 అయితే నడిమిది; 3, 6 అయితే పైది; 7 అయితే పక్కవైపు కిందిది; శేషం లేకపోతే పక్కవైపు పైది. ఉదాహరణకు 43వ నంబరులో శేషం 3, అంటే పై బెర్తు. మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మకు ఆ నంబరు వస్తే, ఎవరితో మార్చుకోవాలో ఇంట్లోనే ఆలోచించుకోవచ్చు.

రాత్రి వేళ

నడిమి బెర్తును రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మాత్రమే పైకెత్తి పడుకోవాలి. మిగిలిన సమయంలో కింది బెర్తు అందరూ కూర్చునే చోటు. కింది బెర్తువారు రాత్రి 10 తరువాత కూర్చుని కబుర్లాడుతూ ఉంటే నడిమి బెర్తువారికి నిద్ర ఉండదు. ఈ మర్యాద ఇరువైపులా పాటించవలసినదే.

సాంచాల చప్పుడులో నిద్రించడం అలవాటైనవారికి రైలు చప్పుడు జోలపాట వంటిది, గాఢనిద్ర పడుతుంది. కనుక పడుకోకముందే సామాను కింది బెర్తు కింద పెట్టి గొలుసుతో తాళం వేయాలి. ఊరికి తీసుకువెళ్ళే డబ్బు సంచిలో కాక ఒంటి మీద ఉండాలి. అపరిచితులు ఇచ్చిన టీ, బిస్కెట్లు తీసుకోకుండా మర్యాదగా నిరాకరించాలి. పులిహోర, చపాతీలు, సర్వపిండి, సకినాలు వంటి సద్ది వెంట ఉంటే ఆ అవసరమే రాదు. గ్యాస్ సిలిండరు, కిరోసిన్, టపాకాయలు రైలులోకి తేవడం 164వ సెక్షను కింద మూడేళ్ళ వరకు జైలుశిక్షకు తగిన నేరం. దీపావళికి ఊరు వెళ్ళేవారు దీనిని గుర్తుంచుకోవాలి.

దొంగతనం జరిగితే రైలు దిగనక్కరలేదు. టీటీఈ, గార్డు లేదా రైల్వే పోలీసుల దగ్గర దొరికే ఫారంలో ఫిర్యాదు రాసి ఇచ్చి ప్రయాణం కొనసాగించవచ్చు. భద్రతకు, జబ్బు చేసినప్పుడు సాయానికి కూడా 139 నంబరే. సరైన కారణం లేకుండా గొలుసు లాగితే ఏడాది వరకు జైలు లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఒంటరిగా వెళ్ళే స్త్రీలు మరొక 139ని కూడా గుర్తుంచుకోవాలి. అది 1989 రైల్వే చట్టంలోని 139వ సెక్షను. పురుషుల తోడు లేని స్త్రీని గాని, బిడ్డను గాని ఆ చట్టం కింద రాత్రి వేళ రైలు నుంచి దించరాదు. పగటిపూట కూడా ఎక్కిన స్టేషనులోనో, జంక్షనులోనో, చివరి స్టేషనులోనో, జిల్లా కేంద్రంలోనో తప్ప దించరాదు. పొరపాటున టికెట్టు పోగొట్టుకున్న తల్లిని అర్ధరాత్రి చిన్న స్టేషనులో దింపివేస్తామని ఎవరైనా బెదిరిస్తే, చట్టం ఆమె పక్షాన ఉన్నది. టికెట్టు లేకుండా వెళ్ళడానికి మాత్రం ఇది అనుమతి కాదు, జరిమానా చెల్లించవలసిందే.

కబురు వచ్చిన రోజు

అన్ని ప్రయాణాలు 60 రోజుల ముందు తెలియవు. తల్లికి బాగాలేదని సాంచాల దగ్గరికి ఫోను వస్తుంది. అట్టి సమయంలో మనిషి ఎవరేమి చెప్పినా నమ్మి, ఎంత అడిగినా ఇస్తాడు. కనుక మార్గాలను ముందే తెలుసుకుని ఉండడం మేలు. రైలు తన మొదటి స్టేషనులో బయలుదేరే తేదీకి ఒక రోజు ముందు తత్కాల్ టికెట్లు దొరుకుతాయి. ఏసీకి ఉదయం 10 గంటలకు, స్లీపర్‌కు 11 గంటలకు. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి. ప్రతి ఇంట్లో ఒకరైనా తీరిక వేళ ఈ పని పూర్తి చేసి ఉంచుకోవాలి. చార్టు తయారయ్యాక మిగిలిన బెర్తులను కూడా అదే రోజు అమ్ముతారు. ఇవేవీ దొరకకపోతే జనరల్ టికెట్టుతో జనరల్ పెట్టెలో వెళ్ళాలి. అప్పుడు కల్యాణ్‌లో ఎక్కడం కంటే రైలు బయలుదేరే స్టేషనుకే ముందుగా చేరడం మేలు.

కన్ఫర్మ్ టికెట్టు ఉన్న వ్యక్తి కదలలేని స్థితి వస్తే, తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానం, భార్యాభర్తలలో ఒకరి పేరుకు ఆ టికెట్టును మార్పించవచ్చు. 24 గంటల ముందు రిజర్వేషను కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వాలి.

దిగడం

నిజామాబాద్ వైపు వెళ్ళేవారికి చక్కని గుర్తు ఒకటి ఉన్నది. ధర్మాబాద్ దాటాక బాసర వస్తుంది. బోర్డుల మీద తెలుగు అక్షరాలు కనిపిస్తాయి. బాసర దాటగానే వంతెన మీద చక్రాల చప్పుడు మారుతుంది, కింద గోదావరి. అప్పటి నుంచి సామాను సర్దుకుంటే నిజామాబాద్‌లో తొందరపడనక్కరలేదు. తిరుగు ప్రయాణం అంత సులభం కాదు. దేవగిరి ఎక్స్‌ప్రెస్ తెల్లవారుజామున కల్యాణ్ చేరుతుంది, నిద్ర ముంచుకొచ్చే వేళ అది. ఫోనులో గంట ముందుకు అలారం పెట్టుకోవాలి. ఫోను రాత్రి 11కి ముందే నింపుకోవాలి. ఆ తరువాత ప్లగ్గులలో కరెంటు ఉండకపోవచ్చు.

చివరగా ఒక్క మాట. రైలు టికెట్టు తెలుగులో ఉండదు. కాని పురపాలక తెలుగు పాఠశాలలకు వెళ్ళే పిల్లలు ఇంగ్లీషు, హిందీ అక్షరాలు కూడా నేర్చుకుంటున్నారు. ప్రయాణానికి రెండు రోజుల ముందు సాయంత్రం, ఇంట్లో అందరూ కూర్చుని ఉండగా, ఆ పిల్లల చేత టికెట్టు పైకి చదివించాలి: తేదీ, వేళ, ఎక్కే స్టేషను, పెట్టె, బెర్తు, స్థితి, పేరు, వయస్సు. ఎనిమిది సంగతులు, ఐదు నిమిషాల పని. తప్పు దొరికితే దిద్దుకోవడానికి ఇంకా సమయం ఉంటుంది. దొరకకపోతే నిశ్చింతగా నిద్ర పడుతుంది, ఇంట్లోను, రైలులోను.

ప్రయాణికులందరూ క్షేమంగా వెళ్ళి లాభంగా రావాలని ఆకాంక్ష.