దారిలో నాగిన కారు



నేను యంత్రశాస్త్రము చదివినవాడను గాను. పదునెనిమిదేండ్లుగా నా కారును నేనే నడపుకొనుచున్న సామాన్య గృహస్థుడను. ఆ కాలములో నేను చేసిన పొరపాటులే నాకు గురువులైనవి. వానిలో మిక్కిలి ఖరీదైనదానిని ముందుగా విన్నవించెదను.

కొన్నియేండ్ల క్రిందట మే నెలలో మా తల్లిగారిని కంటి శస్త్రచికిత్సకై విజయవాడ నుండి హైదరాబాదునకు తీసికొనిపోవుచుంటిని. ఆలస్యముగా బయలుదేరుటచే కోదాడ చేరునప్పటికే ఎండ నిప్పులు చెరుగుచుండెను. ఆ ఊరు దాటిన కొంతసేపటికి, ఎన్నడును సగము మీరి యెరుగని వేడిమి ముల్లు ఎఱ్ఱగీత వైపునకు జరుగ నారంభించెను. ‘సూర్యాపేటలో ఎవరికైన చూపవచ్చును, అంతవఱకు మెల్లగా పోవుదము’ అని నడిపితిని. పది నిమిషములలో ఆ ముల్లు తనంతట తాను దిగిపోయెను. గండము గడచినదని సంతోషించి వేగము పెంచితిని. మఱి నాలుగైదు కిలోమీటర్లు పోవునప్పటికి ఇంజను బలముడిగి, గడగడమని చప్పుడు చేసి, నిలిచిపోయెను.

సూర్యాపేట నుండి వచ్చిన మెకానిక్కు బోనెట్టు ఎత్తి చూచి, నా కథ యంతయు విని, “ముల్లు దిగిందని ఖుషీ అయిండ్రా సార్? నీళ్లు లేక దిగిందది” అనెను.

ఆ యొక్క వాక్యములో నేనంతవఱకు నెఱుగని శాస్త్రమున్నది. ఆ ముల్లునకు వార్త యందించు సాధనము ఇంజనులోని నీటిలో మునిగియుండి ఆ నీటి వేడిని కొలుచును. నీరంతయు కారిపోయిన పిదప అది వట్టి గాలిలో నిలుచును. అప్పుడది చూపు వేడి తగ్గవచ్చును. లోహము మాత్రము మండుచునే యుండును. నా బండిలో చీలినది ఒక రబ్బరు గొట్టము. కొన్ని వందల రూపాయలతో పోవలసిన పని, ఇంజను హెడ్డు వంగి, దాని క్రింది గాస్కెట్టు కాలి, వేలలోనికి పోయెను. మా తల్లిగారు నాలుగు గంటల సేపు వేపచెట్టు క్రింద కూర్చుండిరి. శస్త్రచికిత్స రెండువారములు వెనుకబడెను. ఆమె నన్నొక్క మాటయు ననలేదు. నాకదియే యెక్కువ బాధ కలిగించెను.

కావున ముల్లు ఎఱ్ఱగీతను సమీపించినపుడు చేయవలసినది బండిని ప్రక్కకు తీసి ఇంజను ఆపుటయే. ఆపుటకు చోటు లేక మఱికొంత దూరము పోక తప్పనిచో, ఏసీ కట్టివేసి, వేడిగాలి మీటను పూర్తిగా త్రిప్పవలెను. మే నెలలో ఇది పిచ్చిపనిగా తోచును గాని, ఇంజనులోని వేడిలో కొంత ఆ దారిని కారు లోపలికి వచ్చివేయును. మనకు చెమటలు పట్టును, ఇంజను బ్రదుకును. ఆగిన పిదప కనీసము అరగంట రేడియేటరు మూత జోలికి పోరాదు. ఇది ఇంటిలో ప్రెషరు కుక్కరు వాడు ఇల్లాండ్రకు నేను చెప్పవలసినది కాదు. ఒత్తిడిలో నున్న నీరు నూరు డిగ్రీల కడ మరుగదు. కారులో అది సుమారు నూటయిరువది వఱకు మరుగక నిలువగలదు. మూత తీయగానే ఒత్తిడి పోయి, ఆ నీరు ఒక్కసారిగా ఆవిరియై ముఖము మీదికి లేచును. చల్లారిన తరువాత మందపు గుడ్డ వేసి, కొద్దికొద్దిగా త్రిప్పి తీయవలెను. కూలెంటు చేతలేనిచో మంచినీరైనను పోయవచ్చును. కాని మెల్లగా పోయవలెను, ఊరు చేరిన పిదప దానిని తీయించి సరియైన ద్రవము పోయింపవలెను. వట్టి నీటితో లోపల త్రుప్పు పట్టును.

ఇక కారణ మెట్లు తెలియును? బండి ఎప్పుడు వేడెక్కుచున్నదో గమనించినచో సగము తెలిసినట్లే. ఊరిలో, సిగ్నలు కడ ఆగినపుడు వేడెక్కి, రోడ్డు మీద పరుగెత్తునపుడు చల్లబడుచున్నచో ఫ్యాను తిరుగుట లేదని అనుమానింపవలెను. పరుగులో గాలి దానంతటదియే రేడియేటరునకు తగులును గదా! ఊరిలో బాగుగనే యుండి, వేగముగా పోవునపుడో, ఎత్తు ఎక్కునపుడో వేడెక్కినచో, నీరు తక్కువైనదనియో, రేడియేటరు పూడినదనియో, థర్మోస్టాటు మూసికొనిపోయినదనియో ఊహింపవచ్చును.

క్రింద కారిన తడి కూడ సాక్ష్యమిచ్చును. ఒక మిత్రుడు కొత్త కారు కొన్న వేసవిలో, రాత్రి పదిగంటలకు నాకు ఫోను చేసి, బండి క్రింద నీరు మడుగు కట్టినదని మిక్కిలి ఆందోళనపడెను. వ్రేలితో తాకి చూడుమంటిని. చల్లగా, స్వచ్ఛముగా నున్నదట. అది ఏసీ నుండి కారు నీరు; మన యింటి గోడకు కారునట్టిదే. ఆకుపచ్చగానో, గులాబి లేక నారింజ వన్నెలోనో యుండి జిగటగా తగిలినచో అది కూలెంటు. నల్లగానో, గోధుమ వన్నెగానో యున్న జిడ్డు ఇంజను ఆయిలు. చక్రము ప్రక్కన పలుచని జిడ్డు కనబడి, బ్రేకు పెడలు మెత్తగా దిగుచున్నచో, ఆ బండిని గుమ్మము కదలింపరాదు.

మనలో నూటికి తొంబది మందికి ఎదురగు కష్టము మాత్రము వేడిమి కాదు, ఉదయము సెల్ఫు కొట్టినపుడు బండి లేవకపోవుట. ఈ సెల్ఫు మీట యెంత చిన్నదైనను దాని చరిత్ర పెద్దది. 1912వ సంవత్సరపు కాడిలాకు కార్లలో చార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్ స్టార్టరు అమర్చబడువఱకు, ముందు నిలిచి ఇనుప కడ్డీతో ఇంజను త్రిప్పువారి మణికట్టులు విరుగుచుండెడివి. ఇప్పుడు మనము చేయవలసినది చెవి యొగ్గుట మాత్రమే.

తాళము త్రిప్పగా టకటకటకమని వేగముగా చప్పుడు వచ్చి, దీపములు మసకబారినచో బ్యాటరీలో బలము లేదు. ఒక్కసారి ‘టక్’ మని ఊరకున్నచో, దీపములు మాత్రము దేదీప్యమానముగా నున్నచో, దోషము స్టార్టరులోనో, దానికి పోవు తీగ బిగింపులోనో యుండును. ఏ చప్పుడును లేక, దీపములును వెలుగనిచో మొట్టమొదట బ్యాటరీ తలల మీది బిగింపులను చేతితో కదలించి చూడవలెను. పలుమారు అచ్చట తెల్లగానో, పచ్చగానో బూజు వంటిది పేరుకొని విద్యుత్తునకు అడ్డము పడును. వేడినీటిలో వంటసోడా కలిపి కడిగి, ఆరిన తరువాత బిగించి, పైన కొంచెము వాజలీను పూసినచో చాలును. కొత్త బ్యాటరీ కొనుటకు సిద్ధపడి, ఈ పావుగంట పనితో ఆ సొమ్ము మిగుల్చుకొన్నవారిలో నేనొకడను. ఇక ఇంజను బాగుగ తిరుగుచును అంటుకొననిచో అది బ్యాటరీ దోషము కాదు. ముందు పెట్రోలు ముల్లు చూచుకొనుడు. నవ్వకుడు, ఇది పెద్ద పెద్దవారికే జరిగినది.

కొన్ని వందల రూపాయలకు దొరకు మీటరొకటి కొని యుంచుకొనుట మంచిది. రాత్రంతయు ఆగియున్న బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపినచో నిండుగా నున్నది, 12.2 చూపినచో సగమే యున్నదనుకొనవలెను. ఇంజను తిరుగుచుండగా సాధారణముగా 14కు దరిదాపున నుండవలెను. అప్పుడును 12 దాటకున్నచో తప్పు బ్యాటరీది కాదు, దానిని నింపవలసిన ఆల్టర్నేటరుది. ఇది తెలియకయే కొందఱు కొత్త బ్యాటరీ వేయించుకొని, రెండుదినములకు మరల దారిలో నిలుచుచున్నారు.

వేఱొక కారు బ్యాటరీతో లేపునపుడు తీగలు తగిలించు క్రమము తప్పరాదు. ఎఱ్ఱ తీగను మొదట మన బ్యాటరీ ధనధ్రువమునకు, పిదప పొరుగుబండి ధనధ్రువమునకు తగిలింపవలెను. నల్ల తీగను ముందు పొరుగుబండి ఋణధ్రువమునకు తగిలించి, రెండవ కొనను మాత్రము మన బ్యాటరీకి గాక, దానికి దూరముగా నున్న ఇంజను లోహమునకు తగిలింపవలెను. చివరి తగులుడులో నిప్పురవ్వ లేచును. బ్యాటరీ నుండి హైడ్రోజను వాయువు వెలువడుచుండును. ఆ రెంటిని దగ్గఱ చేయరాదు. త్రోసి లేపుట గేర్లు చేతితో మార్చు బండ్లకే చెల్లును: తాళము త్రిప్పి, రెండవ గేరులో నుంచి, క్లచ్చి నొక్కి పట్టి, పరుగందుకొనగానే వదలవలెను. ఆటోమేటికు బండిని త్రోసిన ఫలితము త్రోసినవారి చెమటయే.

దారిలో ఆగిన బండిని తెలివితో నడిపించుకొనుట మగవారి సొత్తని తలచువారికి ఒక మాట. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజు అను ఇల్లాలు తన యిద్దఱు కుమారులతో, భర్త నిర్మించిన కారులో మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము పోయినది. ఇంధనము తీరిపోగా మందుల దుకాణములో కొన్నది. గొట్టము పూడుకొనగా టోపీ సూదితో పొడిచి తీసినదనియు, బ్రేకులు అరిగిపోగా ఒక చర్మకారునిచేత తోలు వేయించినదనియు చెప్పుదురు. దూరప్రయాణము చేసిన తొలి మోటారు యజమానురాలే తొలి మెకానిక్కు కూడ!

బ్రేకులను గుఱించి తొందరగా చెప్పి ముగింపలేను. తిరుమల, శ్రీశైలము, అరకు వంటి ఘాట్ల మీద దిగునపుడు కొందఱు పెట్రోలు ఆదా యని గేరు తీసివేసి, ఆసాంతము బ్రేకు మీదనే దిగుదురు. అంతకంటె ప్రమాదకరమైన పొదుపు లేదు. బ్రేకులలోని ద్రవము కాలక్రమమున గాలిలోని తేమను పీల్చుకొనును. ఎడతెగని రాపిడికి అది మరిగి బుడగలు కట్టును. అప్పుడు పెడలు నేలకంటినను బండి నిలువదు. ఎక్కునపుడు ఏ గేరు కావలసెనో దిగునపుడు నదే గేరు వాడుడు. ఇంజనే బండిని పట్టి యుంచును. కాలిన వాసన వచ్చినచో ఆగి చల్లారనిండు, నీరు చల్లకుడు. పెడలు దిగిపోయినచో మాటిమాటికి నొక్కుచు, గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించుచు, చేతిబ్రేకును మెల్లమెల్లగా లాగవలెను. ఆ ద్రవమును రెండేండ్లకొకసారి మార్పించుట పెద్ద ఖర్చు కాదు.

2020 అక్టోబరులో హైదరాబాదునందును, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినపుడు విజయవాడయందును ఎన్నియో కార్లు నీట మునిగినవి. నీరు తీసిన మఱునాడు ఆత్రముతో తాళము త్రిప్పినవారు రెండవసారి నష్టపడిరి. సిలిండరులో గాలిని అణచవచ్చును గాని నీటిని అణచుట సాధ్యము కాదు. పిస్టను పైకి రాగానే దానిని మోయు కడ్డీ వంగును. అట్లు చెడిన ఇంజనునకు మామూలు బీమా సాధారణముగా చెల్లింపదు, దానికై అదనపు రుసుము కట్టియుండవలెను. మునిగిన బండిని బ్యాటరీ తీగ విప్పి, ఎత్తించి షెడ్డునకు పంపుటయే మార్గము.

ముందు పలకపై వెలుగు దీపములలో రంగే భాష. పసుపుపచ్చ దీపము ‘త్వరలో చూపించుము’ అనును; ఎఱ్ఱ దీపము ‘ఇప్పుడే ఆగుము’ అనును. వానిలో నూనెడబ్బా బొమ్మ గల ఎఱ్ఱ దీపమును అర నిమిషమైనను ఉపేక్షింపరాదు. ఇంజను బొమ్మ గల పసుపు దీపము వెలిగినపుడు షెడ్డులో చిన్న యంత్రము తగిలించి ఒక సంఖ్య చదువుదురు. ఆ సంఖ్య దోషమున్న వీథిని చూపును గాని ఇంటి నెంబరు చెప్పదు. సంఖ్య వచ్చినదని వెంటనే ఆ భాగము మార్చుదునను మెకానిక్కును, తీగయు బిగింపును చూచితివా యని యడుగుడు. మనము కూడ వైద్యుని యొద్ద రోగివలె లక్షణములు చెప్పవలెను గాని మందు చెప్పరాదు. ‘క్లచ్చి ప్లేటు మార్చుము’ అన్నచో మార్చును. ‘మూడవ గేరులో ఎత్తు ఎక్కునపుడు ఇంజను అఱచుచున్నది, బండి సాగుట లేదు’ అన్నచో ఆలోచించును.

చక్రములను గుఱించి స్టెప్నీలో గాలి చూచుకొనుడని మాత్రము చెప్పి విడిచెదను. అవసరమైన దినమున అదియు చదునుగా నుండుట లోకాచారము. టైరు ప్రక్కన నాలుగంకెల ముద్ర యుండును: మొదటి రెండంకెలు వారము, తరువాతివి సంవత్సరము. కొనునపుడు దానిని చదువుడు.

ఇప్పుడు నా డిక్కీలో జాకీ, పానా, చేతిదీపము, ఎఱ్ఱ త్రికోణపు పలక, బ్యాటరీ తీగలు, మందపు గుడ్డ, రెండు నీళ్ల సీసాలు ఉండును. సీసాలలో నొకటి మా తల్లిగారు త్రాగుటకు, రెండవది బండికి. ఆమె కారెక్కిన ప్రతిసారియు “ముల్లు ఎక్కడుంది నాయనా?” అని అడుగుచునే యున్నది.