చక్రానికి తాళం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉదయం నుంచి పెద్దలు డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడారు. నేనొక చిన్న నట్టు గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఆ నట్టు నన్నూ మా శ్రీమతినీ ఔటర్ రింగురోడ్డు పక్కన రెండు గంటలు నిలబెట్టింది.

మనలో చాలామంది పిల్లలు హైటెక్ సిటీలో, గచ్చిబౌలిలో ఉద్యోగాలు చేస్తున్నారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాడు ఆ చుట్టుపక్కల బండరాళ్లే ఎక్కువ. నేడు ఏ సెల్లారు చూసినా కార్లే. ఖరీదైన అలాయ్ చక్రాలను దొంగలు రాత్రికి రాత్రి విప్పుకుపోతారనే భయంతో ఒక్కో చక్రానికి ఒక్కో తాళపు నట్టు బిగిస్తారు. దాని తల మామూలు ఆరు పలకల తల కాదు, గాడులతో వేరే ఆకారంలో ఉంటుంది. ఆ గాడులకు సరిగ్గా అమరే చిన్న ఇనుప ముక్క ఒకటి ఇస్తారు. దాన్ని నట్టుకు తొడిగి, పైన పానా వేసి తిప్పాలి. ఆ ముక్కే తాళంచెవి.

గత ఏడాది మా అమ్మాయి అమెరికాకు తిరుగు ప్రయాణం. అబ్బాయి కారులో శంషాబాదుకు బయలుదేరాం. నార్సింగి దాటాక టైరు పంక్చరైంది. స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, పానా ఉంది. మూడు నట్లు వదులయ్యాయి. నాలుగోది కదలలేదు. తాళపు ముక్క కోసం డిక్కీ అంతా గాలించాం. నెల క్రితం టైర్లు మార్పించిన దుకాణంలోనే అది ఉండిపోయిందని తరువాత తెలిసింది. 158 కిలోమీటర్ల ఆ రోడ్డు మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు కనుక, మెకానిక్కు స్కూటరు మీద వచ్చే వీలూ లేదు. అమ్మాయిని, పిల్లలను, పెట్టెలను అద్దె కారెక్కించి, అబ్బాయిని తోడు పంపాం. మాకిక చోటు లేదు. మనవడిని సరిగా ముద్దు పెట్టుకోనైనా లేదని మా ఆవిడ ఈనాటికీ అంటుంది.

ముక్క పోవడం ఒక్కటే చిక్కు కాదు. దుకాణాల్లో గాలితో తిరిగే గన్నుతో బలంగా బిగిస్తే ముక్క పళ్లు విరుగుతాయి, నట్టు గాడులు అరిగిపోతాయి. అప్పుడు డ్రిల్లు వేసి తీయాలి. చక్రానికి గీతలు పడవచ్చు, ఖర్చు తప్పదు. పోనీ దొంగ ఆగుతాడా అంటే, సరైన పనిముట్లు తెచ్చుకున్నవాడు ఆగడు. తొందరలో ఉన్నవాడు మాత్రమే వేరే కారు చూసుకుంటాడు. ఆగిపోయేది యజమాని!

అందుచేత నా మనవి. ఆ ముక్కకు డిక్కీలో స్థిరమైన చోటు పెట్టండి. టైర్ల దుకాణం నుంచి కదిలే ముందు అడిగి తీసుకోండి. తాళపు నట్లను చేతి పానాతోనే బిగించమని చెప్పండి. వాటితో కోడు నంబరు కాగితం ఇచ్చి ఉంటే, పెన్షన్ పేమెంట్ ఆర్డరు దాచినంత జాగ్రత్తగా ఇంట్లో దాచండి. పోయిన ముక్కకు బదులు మరొకటి తెప్పించుకోవడానికి ఆ నంబరే ఆధారం. కావలివాడున్న సెల్లారులో నిలిపే కారైతే మామూలు నట్లే చాలునని నా అభిప్రాయం. మా అబ్బాయి అవే వేయించాడు.

ఇంటికి వెళ్లగానే డిక్కీ ఒకసారి తెరిచి చూడమని మీ పిల్లలకు చెప్పండి.