గతాన్ని తిరిగి చూపే మాటలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాషకు సంబంధించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను పండితుణ్ణి కాను. గుమాస్తాగా ఒక్కో మాటకు అర్థం ఏమిటా అని ఫైళ్ళ ముందు కూర్చుని ఏళ్ళు గడిపినవాణ్ణి. ఆ అనుభవంతోనే ఒక్క క్రియ గురించి మనవి చేస్తాను.

ఇంగ్లీషులో 'రీఎనాక్ట్' అనే మాట ఉంది. మన ఆఫీసుల్లో దాన్ని చట్టాల పుస్తకాల్లో చూశాం. పాత చట్టాన్ని రద్దు చేసి, అదే విషయం మీద తిరిగి చట్టం చేయడం అని అక్కడ అర్థం. 2024 జులై 1 నుండి భారతీయ శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చిందే, అలాంటిది. పాత సెక్షను పేరు ఎక్కడైనా మిగిలి ఉంటే దాని స్థానంలో వచ్చిన కొత్త సెక్షనుగా చదువుకోవాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 8వ సెక్షను చెబుతుంది. ఇది ఒక అర్థం. రెండో అర్థం లోకంలో ఎక్కువగా వాడేది: జరిగిపోయిన సంఘటనను మళ్ళీ జరుగుతున్నట్టు చేసి చూపడం.

ఈ రెండో అర్థానికి తెలుగులో ఏమనాలి? 'పునరభినయించు' అనవచ్చు. 'అభి' అంటే ఎదుటికి, 'నయ' అంటే తీసుకుపోవడం. చూసేవాడి ఎదుటికి విషయాన్ని తీసుకుపోయేది అభినయం. మాట బాగుంది గాని, సంతలో ఎవరూ అనరు. 'ఆడి చూపడం' అంటే అందరికీ తెలుస్తుంది.

దీని చుట్టుపక్కల మాటలు మరికొన్ని ఉన్నాయి. ఒకటి 'నెమరు వేయడం'. పుంగనూరు పొట్టి ఆవు నీడన పడుకుని మేసిన గడ్డినే మళ్ళీ నోట్లోకి తెచ్చుకున్నట్టు, మనలో మనం గతాన్ని తలచుకోవడం. దీనికి చూసేవాడు అక్కరలేదు. 'కళ్ళకు కట్టడం' నోటితో చేసే పని. దానికి వినేవాడు కావాలి. 'వల్లె వేయడం'లో మాట తిరిగి వస్తుంది గాని మనసు ఉండకపోవచ్చు. 'తిరగదోడడం' పాత తగాదాలకు వాడతాం. దానివల్ల ఎవరికీ సుఖం లేదు.

ఇక ఆడి చూపడం ఎలా ఉంటుందో తెలియాలంటే మన ప్రాంతపు ధర్మరాజు గుళ్ళ దగ్గర భారతం ఉత్సవం చూడాలి. పగలు హరికథ, రాత్రి నాటకం. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు గనుక అక్కడ ఈ ఆటను మూడు భాషల్లోనూ ఎరుగుదురు. మనం వీధినాటకం అంటాం, తమిళులు తెరుక్కూత్తు అంటారు, కన్నడిగులు బయలాట అంటారు. అర్జునుడి వేషగాడు పొడవాటి తపసుమాను ఎక్కుతాడు. చివరి ఘట్టానికి దుర్యోధనుడి పెద్ద బొమ్మను మట్టితో నేలమీద పడుకోబెట్టినట్టు చేస్తారు. భీముడు తొడమీద గద వేస్తాడు. ద్రౌపది అప్పుడు గాని జుట్టు ముడి వేసుకోదు. ఆ తరువాత అగ్నిగుండం. అక్కడ కూర్చున్న ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటారు. ఇది ఎప్పుడో జరిగిన కథ అని వారికి తెలియక కాదు. ఆ పూటకు అది మళ్ళీ జరిగింది, అంతే.

ఆ ఆటలో వేషగాడు సొంతంగా నాలుగు మాటలు కలుపుతాడు. హాస్యగాడు ఊరి సంగతులు కలుపుతాడు. ఎవరూ తప్పు పట్టరు. ఆడేవాడికి ఆ చనువు ఉంది.

మదనపల్లె వారికి ఇంకొక ఉదాహరణ. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాగూరు బిసెంటు దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చి ఉన్నప్పుడు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చారు. మార్గరెట్ కజిన్స్ ఆ పాట బాణీని స్వరాలతో కాగితం మీద పెట్టారు. పాట గాలిలో పోయేది. కాగితం మీద పడితే వినని వారు కూడా అదే తీరున పాడగలరు. పాడేవాడు గొంతు తనది పెట్టవచ్చు గాని స్వరం తనది పెట్టకూడదు. ఆటలో ఉన్నంత చనువు ఇక్కడ లేదు.

అసలే చనువు లేనిది మన గుమాస్తాల పని. ఫైలు పోతే దాన్ని 'తిరిగి కట్టడం' అంటాం. తపాలు రిజిస్టరు చూసి ఏ తేదీన ఏ కాగితం వచ్చిందో రాసుకుంటాం. పై ఆఫీసు నుండి, కింది ఆఫీసు నుండి, అర్జీదారు నుండి నకళ్ళు తెప్పిస్తాం. దొరకని కాగితాన్ని దొరకలేదనే రాస్తాం. అందులో ఏముండేదో మనకు బాగా గుర్తున్నా సరే, మూలంలా తయారుచేయకూడదు. అలా చేస్తే అది దొంగ పత్రం అవుతుంది.

2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి భూములకు సంబంధించిన ఎన్నో ఫైళ్ళు కాలిపోయాయి. కారణాల జోలికి నేను పోను. అది దర్యాప్తు చేసేవారి పని. ఆ వార్త విన్నప్పుడు నాకు తోచింది ఒక్కటే. కాలిన ఫైలుకు సగం ప్రాణం రైతు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉంటుంది. ఆ నకలు ఉంటే ఫైలు తిరిగి లేస్తుంది. లేకుంటే ఆ రైతు జరిగింది ఎంత బాగా ఆడి చూపినా, కళ్ళకు కట్టినట్టు చెప్పినా, భూమి అతనిదని తేలడం కష్టం.

సోదరులారా, మనం వెళ్ళిపోయాక మన ఇల్లాలు కూడా ఆ రైతు స్థితిలోనే ఉంటుంది. పింఛను చెల్లింపు ఉత్తర్వు నంబరు, చేరిన తేదీ, విరమించిన తేదీ, బ్యాంకు ఖాతా, ఆమె పుట్టిన తేదీ, ఇంటి దస్తావేజు ఎక్కడుందో ఆ వివరం, ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, నకళ్ళు జతచేసి, ఆమె చేతికి ఇవ్వండి. పిల్లలకు కూడా ఒక ప్రతి పంపండి. అందులో ఒక్క అక్షరం ఊహించి రాయకండి.

మనవళ్ళకు మాత్రం ధారాళంగా ఆడి చూపండి. పాత తాసిల్దారు నడక నడవండి, కుప్పం రైలు కూత కూయండి, రెండు మాటలు కలిపినా పరవాలేదు. పిల్లలకు ఆట కావాలి, ఇల్లాలికి కాగితం కావాలి. ఏది ఎవరికి ఇవ్వాలో తెలుసుకుని ఇవ్వడమే ఈ మాటల అర్థాలు తెలిసినందుకు ప్రయోజనం.