జేబీఎల్ గో 3: హాస్టల్ రూముకి సరే, అవ్వకి కొనొచ్చా?

తిరుపతి నుంచి మళ్లీ మీ ముందుకొచ్చేశా. ఈరోజు టేబుల్ మీద ఉన్నది జేబీఎల్ గో 3. బరువు 209 గ్రాములు, అరచేతిలో పట్టేస్తుంది. మీరు అడిగేవి రెండే: "అన్నా, హాస్టల్‌కి సరిపోతుందా? ఇంట్లో అవ్వకి కొనివ్వచ్చా?"

ముందు సౌండ్. అవుట్‌పుట్ 4.2 వాట్లు. ఫ్రీక్వెన్సీ 110 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా అని కంపెనీ లెక్క. అసలు కథంతా ఆ 110 దగ్గరే ఉంది. ఒకటి శ్రుతిలో మగగొంతు పాడుతుంటే తంబూరా మంద్ర షడ్జమం దాదాపు 65 హెర్ట్జ్. అంత కింది స్వరం ఇంత చిన్న డబ్బా పలికించలేదు. మరి తంబూరా వినిపిస్తోంది కదా అంటారా? దానితోపాటు 130, 195 దగ్గర పుట్టే పైస్వరాలు విని, కిందిదాన్ని మన మెదడే పూరించుకుంటుంది.

గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు పాడిన అన్నమయ్య కీర్తనలు పెట్టి విన్నా. సాహిత్యం మాట మాటా స్పష్టం. మృదంగం కుడివైపు బాగా పలికింది, ఎడమవైపు తొప్పి నాదం మాత్రం పలచన. ఈ సైజులో అది మామూలే. గోడ మూలకి జరిపి పెట్టండి, బాస్ కాస్త నిండుగా వస్తుంది. పైసా ఖర్చు లేదు!

ఇక వాడకం. ఐపీ67 కాబట్టి దుమ్ముకీ, వానకీ భయం లేదు. తడి ఆరకుండా చార్జింగ్ మాత్రం పెట్టొద్దు. టైప్ సీ పోర్టు, రెండున్నర గంటల చార్జింగ్‌కి సుమారు 5 గంటల పాటలు. వాల్యూమ్ పెంచితే ఇంకా తగ్గుతుంది. హాస్టల్‌కి నిక్షేపంగా తీసుకోండి.

అవ్వకైతే నేను వద్దంటా. ఇందులో మెమరీ కార్డు లేదు, ఎఫ్‌ఎం లేదు, ఆక్స్ లేదు. పాట కావాలంటే ఫోన్ తీయాలి, బ్లూటూత్ కలపాలి, వెతకాలి. మీరు బెంగళూరులో ఉద్యోగంలో ఉంటే ఇంటికాడ ఆ పని ఎవరు చేస్తారు? రెండ్రోజులకే అది అల్మారా ఎక్కేస్తుంది. కార్డు పెట్టుకునే స్పీకర్ కొని, ఆమెకిష్టమైన పాటలు మీరే ఎక్కించి ఇవ్వండి. ఒక్క బటన్ నొక్కితే చాలు, పాట రావాలి.

షాపులో వాళ్లు పెట్టిన పాట విని కొనేయొద్దు. మీకు కొట్టినపిండి లాంటి పాట మీ ఫోన్‌లోంచే పెట్టించుకోండి, వాల్యూమ్ సగంలో ఒకసారి, ఫుల్‌లో ఒకసారి వినండి. ఫుల్‌లో గొంతు పగిలినట్టుంటే పక్కన పెట్టేయండి.

ఉంటా మరి, వచ్చే వీడియోలో కలుద్దాం!